ఇమ్మొబిలైజర్ బండికి స్పేర్ తాళం: ఒక్కటి చేతిల ఉన్నప్పుడే చేయించుకో

తమ్మీ, స్పేర్ తాళం గురించి అడుగుకుంట నువ్వు పెట్టిన ఆ తాళం ఫోటో ముందుగాల తీసెయ్. తాళం పండ్లు సాఫ్‌గా కనపడుతున్నయి, పక్కన తాళాలతోని వచ్చిన ఆ చిన్న సత్తు బిళ్ళ మీద తాళం నంబర్ గూడ చదవొస్తుంది. మా అసొంటి తాళాలు చేసేటోళ్ళకు ఆ నంబర్ ఉంటే చాలు, తాళం చేతుల లేకున్నా పండ్లు కోస్తం. ఫోటో తీసేసి వచ్చి మిగతాది చదువు.

నీ ముచ్చట నాకు అర్థమైనంత వరకు ఇది. 400 సీసీ బండి కొని ఏడాదిన్నర అయింది, కంపెనీ రెండు తాళాలిచ్చింది, అందుల ఒకటి మొన్న ధర్మసాగర్ దిక్కు పోయినప్పుడు ఎక్కడనో పడ్డది. హనుమకొండ చౌరస్త దగ్గర ఒకాయన నూటయాభై తీసుకుని డూప్లికేట్ చేసిచ్చిండు. దాంతోని పెట్రోల్ మూత తెరుచుకుంటది, హ్యాండిల్ లాక్ పడ్తది, మీటర్ల లైట్లు గూడ వస్తున్నయి, సెల్ఫ్ కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు, ఒక ఎర్ర లైట్ ఆరుతనే లేదు. ఆయన నన్ను మోసం చేసిండా, మల్ల పోయి అడగాల్నా అన్నవు.

మోసం కాదు. ఆయన మంచిగనే కోసిండు, కోత తేడా ఉంటే పెట్రోల్ మూత గూడ తెరుచుకోకపోవు. నీ బండికి కావాల్సినవి రెండు: ఒకటి తాళం ఆకారం, ఇంకోటి తాళం తలకాయల ఉండే చిప్. నీకు ఆకారం వచ్చింది, చిప్ రాలే. ఇది ఇమ్మొబిలైజర్ బండి, అంటే తాళంల సరైన చిప్ లేకుంటే ఇంజన్ స్టార్ట్ కానీయని బండి అని ఆయన నీకు ముందే చెప్పి ఉంటే బాగుండు, అంతే. ఆ నూటయాభై తాళం పారెయ్యకు, దాని పని కింద చెప్త.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏందంటే, మిగిలిన ఒరిజినల్ తాళం, ఆ సత్తు బిళ్ళ, ఆర్‌సీ, నీ ఆధార్ తీస్కొని కంపెనీ సర్వీస్ సెంటర్ల కొత్త తాళం ఆర్డర్ పెట్టు, అది వచ్చినంక బండిని తీస్కపోయి రిజిస్టర్ చేయించు, అంటే ఆ తాళాన్ని బండి మెమరీల ఎక్కించు. లేదంటే చిప్ క్లోనింగ్ (పాత చిప్‌ల ఉన్నది ఇంకో చిప్‌ల అట్లనే రాసుడు) చేసే మెషిన్ ఉన్నోని దగ్గర కాపీ చేయించు, అది గూడ కొన్ని బండ్లకు మంచిగనే అయితది. ఏ తొవ్వ పట్టినా సరే గానీ ఈ నెలలనే పట్టు. చేతిల ఒక్క తాళమన్న ఉన్నంతసేపు ఇది తాళం పని, అది గూడ పోయిందనుకో, బండి విప్పుడు పని అయి కూసుంటది.

మా నాయన హనుమకొండ బస్టాండ్ దగ్గర చెట్టు కింద పెట్టె పెట్టుకుని ఆకురాయితోని తాళాలు చేసేటోడు. నేను 2003ల ఆయన పక్కన కూసున్న. అప్పుడు బండి తాళం అంటే ఒక రేకు ముక్క, ఆకురాయి పట్టడం వస్తే సగం పని వచ్చినట్టే. చిప్ తాళాలు ముందు కార్లల్ల చూసినం (యూరప్‌ల 1998 నుంచే కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేసిండ్రు), బండ్లకు మన దిక్కు శానా ఆలస్యంగా వచ్చినయి. ఇప్పటికీ రోజూ నా దగ్గరికి వచ్చేటియి స్ప్లెండర్లు, షైన్లు, పల్సర్లు, బుల్లెట్లే, వాటి తాళాలల్ల ఏ చిప్పూ లేదు, పది నిమిషాల్ల కోసి ఇచ్చి పంపిస్త. ట్రయంఫ్ స్పీడ్ 400, బీఎండబ్ల్యూ జీ 310, హోండా పెద్ద బండ్లు, ఇట్లాంటివి వచ్చినప్పుడే టీ తాగి కూసోని చేసే పని.

ఇది ఎట్ల పనిచేస్తదో కొంచెం చెప్త, ఎందుకంటే ఇది తెలిస్తే సగం మోసాలు నువ్వే పట్టుకుంటవు. తాళం పెట్టే బొక్క చుట్టూ ప్లాస్టిక్ లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటది, యాంటెన్నా అంటం. నువ్వు ఆన్ చేయంగనే ఆ చుట్టల కరెంట్ పారుతది, ఎక్కువ బండ్లల్ల 125 కిలోహెర్ట్జ్ దగ్గర. తాళం తలకాయల చిప్‌కు సొంత బ్యాటరీ ఏం లేదు, ఆ చుట్ట దగ్గరికి రాంగనే దాని నుంచే ఇంత కరెంట్ గుంజుకుని మేల్కొంటది. అప్పుడు బండి ఒక అంకె అడుగుతది, చిప్ తన లోపల ఉన్న రహస్య కోడ్‌తోని లెక్క కట్టి జవాబిస్తది, జవాబు కలిస్తే ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పెట్రోల్‌నూ స్పార్క్‌నూ వదుల్తది. కలవకపోతే కొన్ని బండ్లల్ల సెల్ఫ్ తిరుగుతది గానీ ఇంజన్ అందుకోదు, కొన్నిట్ల నీ బండి లెక్క సెల్ఫే తిరగదు. ఇదంతా నువ్వు సెల్ఫ్ బటన్ మీద బొటనవేలు పెట్టే లోపల అయిపోతది. పాత రకం చిప్‌లల్ల ఈ లెక్కలు గిక్కలు లేవు, ఒక్కటే నంబర్ ఎప్పుడడిగినా అదే చెప్తయి, వాటిని కాపీ కొట్టుడు అల్కగ ఉంటది.

నీ తాళంల చిప్ ఉన్నదా లేదా అని అనుమానం ఉంటే ఇంట్లనే చూసుకోవచ్చు. చపాతీలు చుట్టే సిల్వర్ ఫాయిల్ ఉంటది కదా, అది తాళం తలకాయకు రెండు మూడు చుట్లు గట్టిగ చుట్టి, ఇనుప భాగం మాత్రం బయట ఉంచి స్టార్ట్ చెయ్యి. ఫాయిల్ ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండ, తీసేస్తే అయితే లోపల చిప్ ఉన్నట్టే. ఇంకోటి, బండి ఆఫ్ చేసినంక మీటర్ల ఎర్ర లైట్ మిణుకు మిణుకుమంటదని రాసినవు, అది ఇమ్మొబిలైజర్ కాపలా ఉన్నదని చెప్పుడు. శానా బండ్లల్ల 24 గంటలు గట్ల కొట్టుకుని బ్యాటరీ మిగిల్చుకోనీకి ఆగిపోతది. ఊరికి పోయి రెండ్రోజుల తర్వాత వచ్చి చూస్తే లైట్ కొట్టుకుంటలేదు, సిస్టం ఖరాబైందని మస్తుమంది ఫోన్లు చేస్తరు. ఏం ఖరాబ్ కాలే, కాపలా నడుస్తనే ఉంటది.

ఇగ కొత్త తాళం రిజిస్టర్ చేసుడు. బండికో తీరు ఉంటది, కొన్నిటికి కంపెనీ కంప్యూటర్ తప్ప వేరే దారి లేదు. నేను ఎక్కువ చేసింది హోండా హెచ్‌ఐఎస్‌ఎస్ (హోండా వాళ్ళ ఇమ్మొబిలైజర్ పేరు) బండ్లు, కాబట్టి అదే చెప్త. మోడల్ బట్టి ఒక కనెక్టర్ ఊడదీసి అక్కడ స్పెషల్ అడాప్టర్ తగిలించాలె. పనిచేసే పాత తాళం పెట్టి ఆన్ చేస్తే హెచ్‌ఐఎస్‌ఎస్ లైట్ వస్తది. అడాప్టర్ వైర్లను 12 వోల్టులకు కలిపితే ఆ లైట్ ఒక పది సెకన్లు నిలకడగ వెలిగి, తర్వాత నాలుగు నాలుగు సార్లు కొట్టుకునుడు షురూ చేస్తది. గట్ల కొట్టుకుంటుందంటే బండి కొత్త తాళం కోసం చూస్తున్నట్టు. అప్పుడు ఆఫ్ చేసి పాత తాళం తీసి దూరం పెట్టి, కొత్తది పెట్టి ఆన్ చేస్తే రెండు సెకన్లు వెలిగి మల్ల అదే నాలుగు కొట్టుకునుడు, ఇగ అది ఎక్కినట్టు. మొత్తం నాలుగు తాళాల దాకా ఎక్కించొచ్చు. ఈ పని చేసేటప్పుడు మిగతా చిప్ తాళాలు బొక్కకు కనీసం 50 మిల్లీమీటర్ల దూరం ఉండాలె, అంటే రెండు అంగుళాలు. నేను అయితే అవన్నీ తీసి కౌంటర్ మీద ఇనుప డబ్బాల పెడ్త, రిస్క్ ఎందుకు.

ఇక్కడ పెద్ద తిరకాసు ఒకటి ఉన్నది. ఆ రిజిస్టర్ మోడ్‌ల పడ్డ క్షణంల, బండిల పెట్టి ఉన్న ఆ ఒక్క తాళం తప్ప మిగతా పాత తాళాలన్నీ మెమరీల నుంచి తుడుచుకపోతయి. నాకు ఇది దెబ్బ తిన్నంకనే మంచిగ తెలిసింది. కొత్తల కరీంనగర్ నుంచి ఒకన్న వచ్చిండు, మూడో తాళం కావాలన్నడు, చేతిల ఒకటే తాళం తెచ్చిండు, రెండోది ఇంట్ల ఉన్నదన్నడు. ఉంటే ఉండనీ అని నేను కొత్తది ఎక్కించి పంపించిన. వారం తర్వాత పొద్దుగాల ఆరున్నరకు ఫోన్. అన్న ఊరికి పోయిండు, ఆయన తాళం ఆయన జేబుల ఉన్నది, నేను చేసిందేమో బండి సర్వీస్‌కు ఇచ్చినప్పుడు మెకానిక్ దగ్గరనే మర్చిపోయిండ్రట, ఇంట్ల ఉన్న రెండో తాళంతోని తమ్ముడు స్టార్ట్ చేయబోతే కాలే. మరి నేనే దాన్ని చంపిన కదా, తెలియకుండ. ఆ వారమే అడాప్టర్ సంచిల వేసుకుని బస్సెక్కి పోయి మూడూ కూసోబెట్టి మల్ల ఎక్కించిన, పైసల్ అడగలే, అడిగే మొకం గూడ లేదు. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా మొదటి మాట, ఇంట్ల ఉన్న తాళాలన్నీ పట్టుకొని రా అని. నువ్వు కంపెనీ దగ్గరికి పోయినా సరే ఉన్నయన్నీ తీస్కపో.

అదే తుడుచుకపోవుడు ఒక్కోసారి మనకు మేలు గూడ చేస్తది. నీ పోయిన తాళం సంగతి చూడు. ధర్మసాగర్ కట్ట మీద రాళ్ళల్ల పడి ఉంటే ఫికర్ లేదు గానీ, నీ కాలనీలనే పడిపోయి ఎవనికో దొరికిందనుకో, వానికి ఏ బండిదో తెలిస్తే చాలు కదా. కాబట్టి సర్వీస్ సెంటర్ల అడిగి పోయిన తాళం కోడ్ తీసేయించుకో. తీసేసినంక అది ఎవనికి దొరికినా ఇంజన్ మాత్రం స్టార్ట్ కాదు (పెట్రోల్ మూతా హ్యాండిల్ లాకూ తెరుచుకుంటయి, అది గుర్తుపెట్టుకో, ఆకారం ఆకారమే). సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్ళకు గూడ నేను ఇదే చెప్త. అమ్మెటోడు ఒక్క తాళమే ఇచ్చి రెండోది పోయిందన్న అన్నడంటే, నిజంగ పోయిందో వాని బీరువల ఉన్నదో నీకేం తెలుసు. ధర కొంచెం తగ్గించి అడుగు, కొన్న వారంలనే మల్ల రిజిస్టర్ చేయించి పాతయన్నీ కొట్టేయించు.

క్లోనింగ్ వేరే. అక్కడ బండిని ముట్టుకునే పనే లేదు, లేదంటే కొంచెమే. ఒరిజినల్ చిప్‌ల ఉన్నది చదివి, రాయొచ్చే ఖాళీ చిప్‌ల అదే రాస్తం. కొన్ని చిప్‌లకు తాళం ఒక్కటి చదివితే సరిపోదు, మెషిన్‌తోని బండి దగ్గర రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి, బండీ తాళం మాట్లాడుకునేది పట్టుకుని, ఇంటర్నెట్‌ల లెక్క కట్టించి అప్పుడు రాయాలె. చిప్ రకాలను నంబర్లతోని పిలుస్తం; నా దగ్గర 46 నంబర్ చిప్‌లు ఎక్కువ వస్తయి, అవి చేస్త. 47, 48 రకాలు వస్తే మెషిన్ ఏమంటదో చూసి చెప్త, కాదంటే కాదనే చెప్తా, ట్రై చేద్దాం అని ఒరిజినల్‌తోని ఆటలాడ. క్లోన్‌ల మేలేందంటే బండి దాన్ని కొత్త తాళం అనుకోదు, పాతదే వచ్చిందనుకుంటది, కాబట్టి ఏదీ తుడుచుకపోదు. కానీ అదే దాని లొసుగు గూడ. ఒరిజినల్, క్లోన్ రెండిటికీ ఒకటే ప్రాణం. రేపు ఒరిజినల్ పోయిందని కంపెనీల దాని కోడ్ తీసేయిస్తే నీ చేతుల ఉన్న క్లోన్ గూడ అదే నిమిషంల పోతది. పోయిన తాళం దొంగ చేతుల పడ్డదని నీకు అనుమానం ఉంటే క్లోన్ వద్దు, రిజిస్టర్ చేయించు.

బ్లాంక్ తాళం (ఇంకా పండ్లు కోయనిది) ఆన్‌లైన్ల నువ్వే తెప్పిస్త అంటే తెప్పించు, గానీ నా దగ్గర సొరుగు నిండ గట్ల తెచ్చి వదిలేసి పోయినవే ఉన్నయి. ఒకటి చిప్ లేకుండ వస్తది, వివరాలల్ల చిన్న అక్షరాలతోని రాసి ఉంటది, చూడరు. ఇంకోటి చిప్ ఉంటది గానీ వేరే రకం. మూడోది గాడి తేడా. హోండా బ్లాంక్‌లల్ల గాడి ఎడమ దిక్కు ఉండేది ఒకటి, కుడి దిక్కు ఉండేది ఒకటి వస్తయి, ఫోటోల రెండూ అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి, తీరా తెచ్చినంక బొక్కల దూరదు. తాళం పట్టుకొచ్చి అడిగితే ఏది కొనాలెనో ఎవరన్న చెప్తరు, ముందు అడుగు.

రెండు తాళాలూ పోతే ఏమైతది అని గూడ చివర్ల అడిగినవు. బండిని బట్టి ఉంటది గానీ ఏదీ సుఖంగ ఉండదు. కొన్నిటికి కంపెనీ నుంచి లాక్ సెట్టు మొత్తం, అంటే ఇగ్నిషన్, పెట్రోల్ మూత, సీటు లాక్ అన్నీ కొత్తవి తెప్పించాలె, కొన్నిట్ల ఈసీయూనే మార్చాలె అంటరు. యమహా పెద్ద బండ్లల్ల కొన్నిటికి మూడు తాళాలిస్తరు, రెండు నల్లవి, ఒకటి ఎర్రది. ఆ ఎర్రది నడుపనీకి కాదు, కొత్త తాళాలు ఎక్కించనీకి. అది పోతే ఉన్న నల్లవాటితోని బండి నడుస్తది గానీ మల్ల కొత్తది ఎక్కించుడు ఉండదు, ఇమ్మొబిలైజర్ సిస్టం మొత్తం మార్చుకోవాలని వాళ్ళ బుక్‌లనే రాసి ఉంటది. పాత కేటీఎం పెద్ద బండ్లకు ఆరెంజ్ తాళం గూడ అదే తీరు. సెకండ్ హ్యాండ్ల ఇట్లాంటివి కొంటుంటే బండి గీతలు తర్వాత చూడు, ముందు ఎర్ర తాళం ఏదీ అని అడుగు.

2024 ఫిబ్రవరిల మేడారం జాతరప్పుడు ఒక కేసు వచ్చింది. పరకాల దిక్కు పిలగాడు, బండి మీదనే పోయిండు, జంపన్న వాగుల స్నానం చేసేటప్పుడు ప్యాంట్ జేబుల ఉన్న తాళం వాగుల పోయింది. ఆ జనంల, ఆ బురద నీళ్ళల్ల ఏం దొరుకుతది. రెండో తాళం ఏదిరా అంటే సీటు కింద పెట్టిన అంటడు, కాయిదాల పక్కన, ఎప్పుడన్న అక్కరకొస్తదని. సీటు తెరవాల్నంటే మల్ల అదే తాళం కావాలె! ట్రాలీ ఆటోల కట్టి నూరు కిలోమీటర్ల దాక ఆ జాతర ట్రాఫిక్‌ల వరంగల్ తెచ్చిండ్రు, నా దగ్గరికి రాత్రి పదకొండు దాటింది, బండికి తాళ్ళు కట్టిన కాడ పెయింట్ గూడ లేసింది. సీటు లాక్‌కు చిప్ గిప్ ఏం ఉండదు, ఉత్త ఆకారమే. పిన్నులతోని ఇట్ల పది నిమిషాలు కదిపితే టక్కున తెరుచుకుంది. ప్లాస్టిక్ కవర్ల చుట్టి పెట్టిన తాళం అట్లనే ఉన్నది, పెట్టి సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే అందుకున్నది. పిలగాడు ఎగిరిండు. వాళ్ళ నాయన మాత్రం నవ్వలే, ట్రాలీ కిరాయి లెక్క పెట్టుకుంట నిలబడ్డడు.

ఇప్పుడు నీ నూటయాభై తాళం పని చెప్త అన్న కదా, ఇదే. చిప్ లేని ఉత్త కోత తాళం ఒకటి ఇంట్ల ఉంటే పెట్రోల్ మూతకు, సీటుకు, హ్యాండిల్ లాక్ తీసి బండిని దొబ్బుకపోనీకి పనికొస్తది. అది జేబుల ఉంచుకుంటే తప్పులేదు. చిప్ ఉన్న స్పేర్‌ను మాత్రం బండిల దాచకు, బ్యాగ్‌ల దాచకు, ఇంట్ల బీరువల పెట్టు, సత్తు బిళ్ళను దానికి కట్టకుండ ఇంకో చోట పెట్టు. నంబర్ ఒక కాయిదం మీద రాసి ఆర్‌సీ జిరాక్స్ వెనుక అతికించినా సరే.

బండి స్టార్ట్ కాలేదంటే ప్రతిసారి ఇమ్మొబిలైజరే అనుకోకు. నా దగ్గరికి చిప్ పోయింది అని వచ్చినవాటిల్ల శానా వరకు వేరే కథలు. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపేది) ఆఫ్‌ల ఉంటది, పిల్లలు ఆడుకుంట నొక్కుతరు. సైడ్ స్టాండ్ సెన్సర్ మట్టితోని నిండి ఉంటది. బ్యాటరీ వీక్ ఉంటది. పోయిన దసరాకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పనిచేసే తమ్ముడు ఒకడు ఇంటికి వచ్చి, అన్నా బండి ఒకసారి అయితది ఒకసారి కాదు, ఈసీయూ పోయింది అన్నరు మా ఫ్రెండ్స్ అని నక్కలగుట్ట నుంచి ఫోన్ చేసిండు. పోయి చూస్తే రెండు బండి తాళాలు, కారు తాళం, మూడూ ఒకటే రింగుకు! ఆన్ చేస్తే పక్కన వేలాడే తాళాల చిప్‌లు గూడ మేల్కొని మధ్యల మాట్లాడుతున్నయి, బండికి ఎవని జవాబు వినాలెనో తెలుస్తలేదు. రింగు నుంచి ఒక్క తాళం తీసి పెట్టిన, పదిసార్లు కొడితే పదిసార్లు అయింది. స్పేర్‌ను వేరేగ ఉంచుమని బీఎండబ్ల్యూ బుక్‌ల గూడ రాసి ఉంటది, ఎవరు చదువుతరు. ఆ తమ్ముడు ఎంతియ్యాలె అంటే టీ తాగిపియ్ చాలన్న.

తాళం విరిగితే గూడ తలకాయ పారెయ్యొద్దు. ఇనుప భాగం విరిగినా చిప్ తలకాయల భద్రంగ ఉంటది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగ గాజు గొట్టం లెక్క ఒకటి, లేకుంటే నల్ల బిళ్ళ లెక్క ఒకటి, దాన్ని మెల్లగ తీసి కొత్త షెల్‌ల పెట్టి పండ్లు కోస్తే కొత్త ప్రోగ్రామింగ్ ఏం అక్కర్లేదు, బండికి తేడానే తెలియదు. గాజు రకం మాత్రం జాగ్రత్త, ఇంట్ల కత్తితోని తలకాయ చీల్చబోయి దాన్ని పగలగొట్టుకుని వచ్చినోళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నరు నాకు తెలిసి.

మీ అక్కకు యాక్టివా హెచ్-స్మార్ట్ ఉన్నదని గూడ రాసినవు, దానికి గూడ ఇదేనా అని. సగం ఇదే. 2023ల వచ్చినప్పటి నుంచి దానికి తాళం బదులు ఫాబ్ (జేబుల పెట్టుకునే చిన్న రిమోట్) ఇస్తున్నరు, రెండు మీటర్ల లోపల ఉంటే నాబ్ తిరుగుతది, లేకుంటే తిరగదు, ఇమ్మొబిలైజర్ గూడ దాంట్లనే ఉన్నది. ఇక్కడ ఫాబ్‌కు బ్యాటరీ ఉంటది కాబట్టి సతాయిస్తే ముందు బటన్ సెల్ మార్చి చూడు, ఎక్కువసార్లు అదే. ఫాబ్‌తోని వచ్చిన ఐడి నంబర్ ట్యాగ్ మాత్రం ఏడ పెట్టిందో ఇవ్వాళ్ళనే వెతుక్కోమను. స్పేర్ ఫాబ్ రిజిస్టర్ చేసుడు కంపెనీల చేయించుకోమను, దాన్ని నేనైతే ముట్ట.

ఇంకో మాట, ఇది పైసల ముచ్చట. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు రెండు ఒరిజినల్ తాళాలూ తెమ్మంటరు. ఒకటే ఇస్తే, తాళం బండికే పెట్టి వదిలేసి పోయినవు, నీ నిర్లక్ష్యం అని క్లెయిమ్‌ల లొల్లి పెడ్తరు. అందుకే తాళం పోయిన రోజే పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ఇచ్చి, స్టాంప్ వేసిన కాపీ దగ్గర పెట్టుకోవాలె. నువ్వు ఇంకా ఇయ్యలే అనుకుంట, రేపు పొద్దున పోయి ఇయ్యి, పోయిన తారీఖు ఉన్నదున్నట్టు రాయి. పాలసీ కాయిదంల కీ రీప్లేస్‌మెంట్ కవర్ అని ఏమన్న ఉన్నదా చూడు, ఉంటే కొత్త తాళం ఖర్చు రావొచ్చు, దానికీ ఆ కాపీ అడుగుతరు. కొత్త తాళం బిల్లు గూడ పారెయ్యకు.

ఎవరన్న, ఈ ఇమ్మొబిలైజర్ లొల్లి ఎందుకన్నా, ఈసీయూల అది బంద్ చేసేస్త, ఏ తాళమైనా నడుస్తది, సగం పైసలే అంటే ఒప్పుకోకు. చేసేటోళ్ళు ఉన్నరు, అయితది గూడ. గానీ నీ బండికి ఉన్న కాపలా తీసి దొంగకు సాఫ్ చేసి పెట్టినట్టే కదా, నూటయాభై తాళంతోని ఎవడన్న తీస్కపోతడు. పైగ వైరింగ్ కోసి జంపర్ (అడ్డదారి తీగ) పెట్టినయి రెండు మూడు నా దగ్గరికి వచ్చినయి, మొదటి వానకే నడి రోడ్డు మీద ఆగినయి. ఏడ కోసిండ్రో వెతకనీకే నాకు పూట పట్టింది.

ఖర్చు ఎంత అని అడగకు, మోడల్ మోడల్‌కు మారుతది. సాదా తాళం వంద, నూటయాభై, చిప్ తాళం అంటే వేలల్ల మాట అని మనసుల పెట్టుకుని పో. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు మూడు అడుగు: తాళం ధర ఎంత, రిజిస్టర్ చేసినందుకు లేబర్ వేరేనా, ఆర్డర్ పెట్టినంక ఎన్ని రోజులు. బ్లాంక్ వస్తదా, కోసే వస్తదా అని గూడ అడుగు. బిళ్ళ నంబర్ ఇస్తే కొన్ని కంపెనీలు కోసే పంపుతయి, బ్లాంక్ వస్తే పండ్లు మా అసొంటోళ్ళ దగ్గరనే కోయించుకోవాలె. కోయనీకి ఎవని దగ్గరికి పోయినా, వాడు ఆర్‌సీ అడగకుండ చేస్తనంటే ఇంకో దుకాణం చూసుకో. ఇయ్యాల నీ తాళం గట్ల చేసిచ్చేటోడు రేపు నీ బండికి ఇంకెవనికన్న చేసియ్యడా?

బండి ఏ కంపెనీదో ఇప్పటిదాకా చెప్పలేదు నువ్వు. మోడల్, ఏ సంవత్సరందో రాయి, 46 చిప్ అయితే నా దగ్గరనే అయితది. ఫోటో మాత్రం పెట్టకు.